మిషినన్న అంగీలు

మొన్న పొద్దున ఒక జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే ఫోను మోగింది. ఎత్తగానే తియ్యటి గొంతుతో ఒకామె, "ప్రియమైన వినియోగదారులు... పద్మ... గారూ, మీరు మా కుటుంబ సభ్యులు" అంది. పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతే మారిపోయింది. మధ్యలో ఇంకెవరో వచ్చి నా పేరు చెప్పి వెళ్ళినట్టుంది. జనగామలో మేము ఫ్రిజ్ కొన్న షోరూం వాళ్ళ రికార్డు అది. ఆ ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడిపోతే నేను పాత లంగా నాడాతో కట్టుకున్నానని ఆ కుటుంబానికి తెలియదు. చెబుదామని నోరు తెరిచాను. ఆమె ఆగితే కదా! మా సేవలతో సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకుంటే రెండు నొక్కండి అంది. కసి కొద్దీ రెండు నొక్కాను. "మీ అభిమానానికి ధన్యవాదాలు" అని పెట్టేసింది.

నాకు ఒళ్ళు మండాలి నిజానికి. నవ్వొచ్చింది. వెనకాలే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మిషినన్న ఉండి ఉంటే ఈ ముచ్చట చెప్పి కడుపుబ్బ నవ్వించేదాన్ని. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఆయనకు అసలు పేరు లేక కాదు. తొర్రూరులో కుట్టు మిషన్లు అమ్మేవాడు కాబట్టి అందరికీ మిషినన్న అయ్యాడు. అసలు పేరు వదినకు తెలుసు. కానీ వదిన పాతకాలపు మనిషి, మొగుడి పేరు నోటితో చెప్పదు. కాబట్టి నేనూ చెప్పను.

మా అత్తగారి ఊరు తొర్రూరు పక్కనే. పెళ్ళయిన కొత్తలో నా మిషన్ ఆయన దగ్గరే కొన్నాం. మిషన్‌ను ఆటోలో ఎక్కిస్తూ మా ఆయనతో ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "బావా, పిల్లను ఇస్తున్న. మంచిగ చూసుకోవాలె. మేం వచ్చి పోతుంటం." మా ఆయన తెల్లమొహం వేశాడు. మిషన్ కొంటే తను ఈయనకు బావ ఎప్పుడయ్యాడో అర్థం కాలేదు. ఇంటికి వచ్చాక, ఈ మనిషికి జర తేడా ఉన్నట్టుంది అన్నాడు.

తేడా ఉన్న మాట నిజమే. ఆయన లెక్కలో మిషన్ అమ్మడమంటే ఆడపిల్లను ఇచ్చినట్టే. ఇచ్చి మరిచిపోతే పుట్టింటివాళ్ళు ఎట్లా అవుతారు? అందుకని నెల తిరిగేసరికి పాత బండి డుగుడుగుమనుకుంటూ వాకిట్లోకి వచ్చేది. లోపలికి రాగానే నా మంచి చెడ్డా అడిగేవాడు కాదు. "మా పిల్ల ఎట్లున్నది?" అనేవాడు. నన్ను మిషన్ తొక్కమని, చెవి దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. "జర దగ్గుతున్నది" అనో, "పొయిన నెల కన్న తేటగున్నది" అనో చెప్పి, సంచిలోంచి నూనె బుడ్డి తీసి చుక్క చుక్కగా పోసేవాడు. చాయ్ తాగు అన్నా అంటే, వద్దు చెల్లె, ఇప్పుడే తాగిన అనేవాడు. తెచ్చి పెడితే సాసర్లో పోసుకుని శుభ్రంగా తాగేవాడు.

ఆ తర్వాత అసలు కార్యక్రమం మొదలయ్యేది. నేను సగం కుట్టి పెట్టిన గుడ్డ ఏదో ఒకటి తీసుకుని గుమ్మంలోకి వెళ్ళి వెలుతురుకు పట్టి చూసేవాడు. తిప్పి చూసేవాడు. లోపలి కుట్టు చూసేవాడు. తల అటూ ఇటూ ఆడించి, మా అత్త వంటింట్లో ఉందో లేదో ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి అనేవాడు.

"చెల్లె, ఒక్క మాట చెప్త. ఎవలకు చెప్పకు. గీ చుట్టుపక్కల ఊర్లల్ల నీ అసొంటి చెయ్యి ఇంకోటి లేదు."

నా కుట్టు ఎట్లా ఉండేదో నాకు తెలుసు. మా అత్త మొహం మీదే చెప్పేది, నువ్వు కుట్టిన జాకెట్టు తొడుక్కుంటే మెడ పట్టినట్టు నడవాల్సి వస్తుందని. అయినా ఆయన ఆ మాట అని వెళ్ళిన రోజు నాకు అన్నం రుచిగా ఉండేది. పట్టుబట్టి ఇంకో రెండు జాకెట్లు కుట్టేదాన్ని. ఎవరికీ చెప్పొద్దన్నాడు కాబట్టి మా ఆయనకు కూడా చెప్పలేదు.

మబ్బు పట్టిందంటే ఫోను చేసేవాడు. "చెల్లె, వాన వచ్చేటట్టున్నది, పిల్ల మీద గుడ్డ కప్పినవా?"

"అన్నా, ముందుగాల దండెం మీది బట్టలు తీసుకోనీ."

"బట్టలు తడిస్తే ఆరుతయి. గది తడిస్తే తుప్పు పడ్తది. అది ఉత్త ఇనుమనుకున్నవా? మన బయ్యారం గుట్టల ఇనుము."

ఆ మిషన్ ఉత్తరాది నుంచి వచ్చిందని అట్టపెట్టె మీద బారెడంత అక్షరాలతో రాసి ఉండేది. ఆ సంగతి అంటే, ఇనుము మనది, పెట్టె వాళ్ళది అనేవాడు. వాదించి గెలిచినవాళ్ళు లేరు.

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. మిషన్ కొన్న ప్రతి ఆడమనిషీ మొట్టమొదటి అంగీ ఆయనకే కుట్టాలి. గుడ్డ కూడా ఆయనే తెచ్చేవాడు. మొగవాళ్ళ అంగీ కుట్టడం కష్టం. కాలరు, చేతుల పట్టీలు, జేబు అన్నీ ఓపికతో చేసే పని. కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేతికి మంచి గుడ్డ ఎవరిస్తారు? "నా పెయ్యి ఉన్నది గదా చెల్లె, కొలతలు తీసుకో. చెడగొడితే నాదే చెడిపోతది, ఊర్లె నీ పేరు చెడిపోదు" అనేవాడు.

నేను కుట్టిన అంగీకి జేబు చంక వైపు జరిగి, పైగా పక్కకు వాలింది. జేబు కనపడకుండా మడిచి ఇచ్చాను. ఆయన అక్కడే తొడుక్కున్నాడు. జేబులో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "జేబు జర పక్కకున్నది. మంచిదే, దొంగలకు దొరకదు" అన్నాడు. చెప్పిన రోజుకు ఇచ్చినందుకు మాత్రం రెండుసార్లు మెచ్చుకున్నాడు. అది మొదలు మా ఇంటికి ఎప్పుడొచ్చినా అదే అంగీ. ఇన్ని అంగీల్లో నాది ఇంత ఇష్టమా అని నేను లోలోపల ఉబ్బిపోయేదాన్ని.

పిల్లల చదువులకని మేము జనగామకు మారినా ఆయన వదల్లేదు. నూనె బుడ్డి చేతిసంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చేవాడు. అక్కడ కొన్నదానికి ఇంత దూరం కూడా వస్తావా అన్నా అంటే, నువ్వు ఊరు మారినవు గని తల్లిగారిల్లు మారుతదా అన్నాడు. వదిన దగ్గర ఇంకో కథ ఉంది. ఆయన అమ్మిన మిషన్ ఒకటి పెళ్ళికూతురి సారెతో భూపాలపల్లికి వెళ్ళిందట. కాళేశ్వరం పోదామని వదిన ఎన్నో రోజులు పోరితే, సరేనని బయల్దేరి, దారిలో భూపాలపల్లిలో దిగి, నేరుగా ఆ పిల్ల క్వార్టర్ తలుపు కొట్టాడు.

"దేవుని దగ్గరికని తీస్కపోయి మిషన్ కాడ కూసోవెట్టిండు" అని వదిన ఇప్పటికీ చెబుతుంది. "మేం పొయ్యేసరికి గుడి తలుపులు మూసిన్రు. నేను గోదారి నీళ్ళు నెత్తి మీద సల్లుకొని, దేవునికి బయటి నుంచే దండం పెట్టుకొని వచ్చిన." ఇంత వరకు తిట్టి, ఆ తర్వాత మెల్లగా ఇంకో మాట చెబుతుంది. తలుపు తీసిన ఆ కొత్త పెళ్ళికూతురు ఈయన్ను చూసి, చేతులు పట్టుకుని ఏడ్చేసిందట. పెళ్ళయ్యాక పుట్టింటి వైపు నుంచి ఆమె గడప తొక్కిన మొదటి మనిషి ఈయనేనట.

ఇట్లా సాగుతుండగా తొర్రూరులో ఆయన దుకాణానికి ఎదురుగానే పెద్ద షోరూం వచ్చింది. అద్దాల తలుపులు, ఏసీ. మిషన్ కొంటే మిక్సీ ఉచితం. మొదటి నెలలోనే మిషినన్న దుకాణంలో ఈగలు తోలుకునే పరిస్థితి వచ్చింది. పాతవాళ్ళు కూడా పాత మిషన్ ఇచ్చేసి మోటారు మిషన్ తెచ్చుకుందామా అని ఆలోచనలో పడ్డారు. వదిన నాకు ఫోను చేసింది. "గిట్లనే ఉంటే దసరా దాటినంక షట్టర్ దించుడే పద్మా. గీ మనిషికి ఇంకో పని రాదు. ఇంట్ల కూసుంటే పిచ్చోడైతడు" అంది. ఆమె గొంతులో భయం నాకు మొదటిసారి వినిపించింది.

ఆ షోరూం వాళ్ళు ఫంక్షన్ హాల్లో కస్టమర్ల సమావేశం పెట్టి భోజనాలు పెట్టారని మిషినన్నకు తెలిసింది. మనం కూడా పెడదాం అన్నాడు. బతుకమ్మ కుట్లు, దసరా కుట్లు అయిపోయి అందరం ఊపిరి పీల్చుకునే సమయంలో, ఒక ఆదివారం, మిషన్ కొన్న ఆడవాళ్ళనందరినీ దుకాణానికి పిలిచాడు. బగారన్నం, కోడికూర. వదిన ఆ పొద్దున ఆయన్ను అడిగిందట, "అందరిని ఒక్కకాడికి పిలుస్తున్నవు, సోయి ఉండే పిలుస్తున్నవా?" అని. ఆయనకు ఆ మాట అర్థం కాలేదు.

మేము వెళ్ళేసరికి దుకాణం ముందు టెంటు కింద చాపలు పరిచి ఉన్నాయి. నా పక్కన మానుకోట దగ్గరి తండా నుంచి వచ్చిన కమిలి కూర్చుంది. మానుకోట అంటే మహబూబాబాదే, మా నోళ్ళకు ఆ పేరే అలవాటు. కమిలి చిన్న వయసే, మాట మాత్రం కత్తి. అటు పక్కన ఒక సర్పంచు గారి కోడలు సరళ, మెడలో గొలుసు సర్దుకుంటూ. మాటల్లో మాటగా సరళ అంది, "నేను రానే రాకపోదును గని, అన్న నన్ను గురించి ఒక మాటన్నడు. ఎవలకు చెప్పొద్దన్నడనుకో."

కమిలి తల తిప్పింది. "ఏమన్నడు?"

"చుట్టుపక్కల ఊర్లల్ల నా అసొంటి చెయ్యి లేదన్నడు."

కమిలి ఆమె వైపు పూర్తిగా తిరిగి, "గదేంది, గా మాట నాకు చెప్పిండు" అంది. వెనక చాప మీది ఆమె, "నాకు గూడ" అంది. ఆ మాట ఒక చాప నుంచి ఇంకో చాపకు పాకిపోయింది. ఇన్నేళ్ళు ఒక్కరంటే ఒక్కరు కూడా బయట పెట్టలేదు. ఆడవాళ్ళ నోట్లో ముచ్చట దాగదనేవాళ్ళు ఆ రోజు అక్కడ ఉండాల్సింది.

సరిగ్గా అప్పుడే మిషినన్న దుకాణం వెనకే ఉన్న ఇంట్లోంచి నవ్వుకుంటూ వచ్చాడు. ఆయన ఒంటి మీద నిగనిగలాడే రెడీమేడ్ అంగీ ఉంది.

ఆయన లెక్క ఏమిటంటే, ఇంతమంది ముందు ఒకరు కుట్టిన అంగీ తొడుక్కుంటే మిగతావాళ్ళు నొచ్చుకుంటారు, అందుకని బజార్లో కొన్నది తొడుక్కుంటే ఎవరికీ బాధ ఉండదు. కుట్టుపని చేసేవాళ్ళ మధ్యకు రెడీమేడ్ అంగీలో రావడం మిషినన్నకే చెల్లింది. మేమంతా ఒకరినొకరు కొరకొరా చూసుకుంటున్నవాళ్ళం, ఒక్కసారిగా ఆయన వైపు తిరిగాం.

"అన్నా, గది ఎవలు కుట్టిన్రు?" అని కమిలి అడిగింది.

ఆయన చేత్తో కాలరు కప్పుకున్నాడు.

"మేం ఇంతమందిమి ఉండంగ నీకు రెడీమేడే దొరికిందా? మేం గూడ గా ఎదురుంగ ఉన్న మిక్సీ తెచ్చుకుంటం తియ్యి" అని కమిలి లేచి నిలబడింది. ఆమెతో పాటు ఇంకొందరు లేచారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నేళ్ళు తిరిగి తిరిగి కూడగట్టుకున్నదంతా కూర వడ్డించకముందే చెయ్యి జారిపోయేలా ఉంది.

ఆపద గమనించింది వదినే. లోపలికి వెళ్ళి ఒక మూట తెచ్చి మా మధ్యలో గుమ్మరించింది. అన్నీ అంగీలే. "గివ్వి సూడున్రి. రోజు బండి డిక్కీల పెట్టుకొని తిరుగుతడు. ఎవలింటికి పోతే వాళ్ళ అంగీ. ఊరి బయట చెట్టు చాటుకు బండి ఆపి మార్చుకుంటడు. ఓసారి ఎవరో చూసి పిచ్చోడని నాకు ఫోను చేసిన్రు."

ముందర అంగీ ఉంటే కుట్టేవాళ్ళ చేతులు ఊరుకుంటాయా? ఎవరి అంగీ వాళ్ళు ఏరుకోవాల్సింది పోయి పక్కవాళ్ళ అంగీలు తీసుకుని కాలర్లు తిప్పి చూడటం, లోపలి కుట్లు లాగి చూడటం మొదలుపెట్టారు. గిది ఎవలు కుట్టిన్రు, గీ కాజాలు చూడే అనుకోవడం మొదలైంది. ఇంతలో ఒకామె చేతికి నా అంగీ చిక్కింది. "గీ జేబు ఏంది, అటు మొకం పెట్టింది" అని పైకెత్తి చూపింది. అందరూ ఘొల్లున నవ్వారు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

అప్పుడు మిషినన్న గొంతు విప్పాడు. "నేను అబద్ధం చెప్పలే. కాలర్ కుట్టుట్ల కమిలి అసొంటి చెయ్యి లేదు. కాజాలల్ల సరళను మించినోళ్ళు లేరు." ఒక్కొక్కరినీ చూపిస్తూ పోయాడు. ఒకామె అంచు కుట్టు, ఒకామె అద్దాల పని, ఒకామె చిన్నపిల్లల గౌన్లు. చివరికి నా దగ్గర ఆగాడు. అందరూ ఊపిరి బిగబట్టారు, అందరికంటే ఎక్కువగా నేను.

"పద్మ కుట్టు వంకరే" అన్నాడు. "దాస్తే దాగుతదా? గని ఒక్క మాట. సద్దుల బతుకమ్మకు తొడుగాల్సిన జాకెట్టు దసరా దాటినంక ఇచ్చినోళ్ళు చెయ్యి ఎత్తున్రి."

ఒక్క చెయ్యి లేవలేదు. ఒక్క తలా పైకి లేవలేదు. ఆ తర్వాత ఎక్కడో ఒక మూల నుంచి నవ్వు మొదలైంది.

"చెప్పిన రోజుకు బట్ట చేతిల పెట్టే దర్జీని నా పుట్టుకల ఈమెనే చూసిన" అన్నాడు.

కమిలి కూర్చుంది. కూర్చుని, "అన్నం పెడ్తవా లేదా అన్నా, ఆకలైతున్నది. ముందుగాల గా అంగీ ఇప్పు" అంది. ఆయన రెడీమేడ్ అంగీ విప్పేసి బనీను మీదే వడ్డించాడు.

దుకాణం షట్టర్ పడలేదు. ఆ రోజు నుంచి కాలర్ల పని వస్తే నేను కమిలికి పంపేదాన్ని, అత్యవసరమైన పని ఉంటే ఆమె నా దగ్గరికి పంపేది. కొత్తగా మిషన్ కావాలనేవాళ్ళను మేమే వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళం. అబద్ధమెందుకు, మాలో ఒకరిద్దరు ఎదురు షోరూంలో మిషన్ కొని మిక్సీ కూడా తెచ్చుకున్నారు. ఆ మిషన్లకు కూడా నూనె పోయడానికి ఈయనే వెళ్ళాడు. ఇదేందన్నా అంటే, "ఎవలింటి పిల్లయితేంది, మన చెల్లె ఇంట్ల ఉన్నది గదా" అన్నాడు.

పోయిన చలికాలంలో ఆయన గుండె ఆగి పోయాడు. కబురు తెలిసి జనగామ నుంచి నేను చేరేసరికి కమిలి, సరళ అప్పటికే వాకిట్లో ఉన్నారు. ఎదురు షోరూం వాళ్ళు కూడా తలుపులు వేసి వచ్చారు. స్నానం చేయించే సమయానికి వదిన తమ్ముడు బజారు నుంచి కొత్త బట్టల కవరు తెచ్చాడు. కమిలి ఆ కవరులోకి తొంగి చూసింది.

"రెడీమేడ్‌దా?" అంది. "అన్నను రెడీమేడ్ల పంపుతమా?"

పెద్దమనిషి ఒకాయన, పాత బట్టలు పనికిరావమ్మా, కొత్తవే ఉండాలె అన్నాడు. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న వదిన లేచింది. లోపలి నుంచి అదే మూట తెచ్చి విప్పింది. కమిలి కుట్టిన అంగీ కాలరు అరిగి దారాలు లేచి ఉంది. సరళ అంగీ మోచేతుల దగ్గర పలచబడింది. అన్నీ వాడి వాడి వెలిసిపోయాయి. అట్టడుగు నుంచి వదిన ఒక్క అంగీ తీసి విదిలించింది. మడత నలగలేదు, రంగు తగ్గలేదు.

"గిదొక్కటే కొత్తగున్నది" అంది. నా వైపు చూసింది. "మిగిలినయి ఇంటికాడ గూడ తొడిగిండు. గిది నీ ఇంటికి వచ్చేటప్పుడు తప్ప తొడుక్కోలె, పద్మా."

ముందు కమిలికి నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత సరళకు వచ్చింది, వదినకు వచ్చింది, నాకు వచ్చింది. చావు ఇంట్లో నలుగురం ఒకరి మీద ఒకరం పడి నవ్వుతూ ఏడ్చాం. నేను ఆ అంగీ ఒళ్ళో పెట్టుకున్నాను. జేబు అట్లాగే చంక వైపు మొహం పెట్టుకుని ఉంది. ఆ జేబుతో ఆయన్ను పంపడానికి నాకు మనసొప్పలేదు. పంపడానికే మనసొప్పలేదు. సూది కోసం వెతుక్కున్నాను.

"జర సేపు ఆగున్రి" అన్నాను. "జేబు ఊడదీసి సక్కగ కుట్టి ఇస్త."

బయట పాడె సిద్ధమైంది. ఎవరో పిలుస్తున్నారు. కమిలి నా పక్కన కూర్చుని నా చేతిలోంచి సూది మెల్లగా తీసుకుంది.

"పద్మక్కా, నువ్వు గూడ ఆలస్యం చేస్తవా?" అంది.

అంగీ ఇచ్చేశాను.